తంగేడు పూల టీ, ఎర్ర మాత్ర

నేను రిటైరైన రోజు నా మెడలో దండేసి, ఒక అంగన్‌వాడీ టీచర్ మైకు పట్టుకుని, "ఈ మేడం నోట యాంటీ ఆక్సిడెంట్ అనే మాట వినకుండా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఒక్క బిడ్డ కూడా పుట్టలేదు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఆమె పొగుడుదామనే అంది పాపం. ఆ మాట వల్ల ఒకామెకు ఏం జరిగిందో ఆ సభలో ముగ్గురికే తెలుసు. మా ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు "మీ అనుభవాలు రాయండి మేడం" అని వెంటపడుతున్నారు. మెప్పు పొందిన సంగతులు అందరూ రాస్తారు. నేను పరువు పోగొట్టుకున్న సంగతి రాస్తాను. మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

నాది నంద్యాల. మా నాయనకు పచారీ అంగడి ఉండేది. పసుపు కొమ్ములు, మిరియాలు, కరక్కాయల మధ్య పెరిగాను కాబట్టి ఏ మూలికకు ఏ గుణమో నాకు పుట్టుకతో తెలుసని ఒక నమ్మకం. అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోల్లో పల్లెలు తిరిగేదాన్ని. పిల్లల్ని తూకం వేయించాలి, గుడ్లూ పాలూ సరిగ్గా చేరుతున్నాయో లేదో చూడాలి, గర్భిణులకు తిండి గురించి చెప్పాలి. ఈ మూడింటిలో నాకు మహా ఇష్టమైంది చెప్పడం. వినేవాళ్లు దొరికితే నాకు బస్సు టైము కూడా గుర్తుండేది కాదు.

రిటైర్మెంటుకు మూడు నాలుగేళ్ల ముందు మమ్మల్ని ఒక శిక్షణకు పంపారు. అక్కడ ఒకాయన మొక్కల్లో ఉండే రంగుల గురించి చెప్పాడు. నేరేడు పండు నలుపు, గోంగూర పచ్చదనం, పసుపు కొమ్ము పసుపు, రాగుల ఎరుపు, వీటన్నిటి వెనకా ఉన్న పదార్థాలు మొక్క తనను తాను కాపాడుకోవడానికి చేసుకున్నవట. మనం తింటే మనకూ కొంత కాపుదల. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుంది, దాన్నే ఉప్పు నీళ్లలోనో మజ్జిగ నీళ్లలోనో వేస్తే ఆగుతుంది కదా, ఒంట్లో కూడా అలాంటి చేటు ఒకటి నిత్యం జరుగుతుంటుంది, రంగురంగుల కూరగాయలూ పండ్లూ తినేవాళ్లకు అది తక్కువ, అన్నాడు. ఆయన చెప్పింది అంతవరకే. ఆ చెప్పడం కూడా "కావచ్చు", "మేలు చేసే అవకాశం ఉంది" అంటూ జాగ్రత్తగా చెప్పాడు. ఆ "కావచ్చు"లన్నీ ఆ హాల్లోనే వదిలేసి మిగతాది మూట కట్టుకొచ్చింది నేను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నేనూ అంతే అయ్యాను. ప్రతి సెంటరు గోడకూ ఒక రంగుల చార్టు వేయించాను. నాతో ఒక ఇనుప మేకు, తుప్పు పట్టిన ఇంకో మేకు సంచిలో పెట్టుకుని తిరిగేదాన్ని. రెండూ చూపించి, "ఒంటికి కూడా తుప్పు పడుతుందమ్మా. ఆ తుప్పును ఆపేదే యాంటీ ఆక్సిడెంట్" అనేదాన్ని. సంజామలలో ఒక ముసలామె ఆ మేకు చేతిలోకి తీసుకుని, "నాకు మోకాళ్ల కాడ పట్టిండాదేమో సూడు మేడం" అంటే సెంటరంతా నవ్వు. నాకు అదో పెద్ద గెలుపు. మహానంది పక్క అరటి తోటల్లో పనికి పోయే ఆడవాళ్లు కూడా ఆ మాట పలకడం నేర్చుకున్నారు.

తంగేడు పూల టీ ఆ తర్వాత వచ్చింది. ఎవరో వాట్సాప్‌లో పంపారు. రక్తాన్ని శుద్ధి చేస్తుంది, చక్కెర జబ్బుకు మంచిది, యాంటీ ఆక్సిడెంట్ల గని, అని. తంగేడు మాకు కొనే వస్తువు కాదు. గట్ల మీద, గరుకు నేలల్లో, రోడ్డు పక్కన ఎక్కడ చూసినా పచ్చగా పూసి ఉంటుంది. కరక్కాయలమ్మిన ఇంటి పిల్లను, అనుమానం ఎందుకొస్తుంది? సెంటర్లలో పొయ్యి మీద పూలు మరగబెట్టించి, బెల్లం ముక్క వేయించి, తలా గ్లాసు తాగించాను. "ఏ పూటైనా తాగొచ్చు, ఎవరైనా తాగొచ్చు" అన్నాను. ఎవరైనా అన్నప్పుడు నా ఎదురుగా కూర్చున్నవాళ్లలో సగం మంది గర్భిణులు.

ఆళ్లగడ్డకు దగ్గర్లో ఒక పల్లె. అక్కడి సెంటరుకు వచ్చే సిస్టరమ్మ, అంటే ఇంటింటికీ తిరిగి సూదులూ మాత్రలూ ఇచ్చే నర్సు, నాకన్నా పదేళ్లు చిన్నది. నన్ను అక్కా అనేది. టీ పోస్తుంటే పక్కకు పిలిచి, "అక్కా, కడుపుతో ఉన్నోళ్లకు ఇదంతా ఎందుకు? డాక్టరమ్మనొక మాట అడిగితే పోలా?" అంది. "పువ్వుకు కూడా డాక్టరు చీటీ కావాలా?" అని కొట్టిపారేశాను. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎత్తినా నేను వినే స్థితిలో లేను.

ఆ పల్లెలో చర్చి వెనక వీధిలో ఉండే ఒకామె అప్పుడు ఐదో నెల గర్భిణి. రెండో కాన్పు. మొదటి కాన్పులో రక్తం బాగా పోయి తల్లి దక్కింది గానీ బిడ్డ దక్కలేదు. మొగుడు ట్రాక్టరు తోలేవాడు. ఇంట్లో ముసలి మామ. ఈమె కలుపు తీతకు పోయేది. మాట తక్కువ మనిషి. మీటింగులో వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చుని, నేను చెప్పేది కళ్లార్పకుండా వినేది. అంత శ్రద్ధగా వినేది ఆమె ఒక్కతే అని నాకు తర్వాత తెలిసింది.

ఆమెకు రక్తం, అంటే హిమోగ్లోబిన్, ఎనిమిది ఉండింది; పదకొండు ఉండాలి. సిస్టరమ్మ ఎర్ర మాత్రలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకోమంది. నెల తర్వాత చూస్తే ఎనిమిదికి కొంచెం తక్కువ. ఇంకో నెలకు ఏడున్నర. పెరగాల్సింది తరుగుతోంది.

ఎర్ర మాత్రల గురించి మీకూ తెలుసు. వికారం అంటారు, విరేచనం నల్లగా వస్తుందంటారు, చూరులో దాస్తారు, కాలవలో పారేస్తారు. నేను సర్వీసంతా ఆ దొంగతనాలు పట్టుకుంటూనే ఉన్నాను. అందుకని ఏడున్నర అని వినగానే నాకు ఇంకో ఆలోచన రాలేదు. ఇరవై మంది ఆడవాళ్ల ముందు ఆమెను లేపి నిలబెట్టి అడిగాను.

"మాత్రలు యాడ పారేస్తాండావమ్మా?"

"యాడా పారేయల్యా మేడం. మింగుతాండా."

"మింగితే రక్తం యాడికి పోతాంది మరి?"

ఆమె ఇంటికి పోయి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. మూత తీస్తే నిండా ఖాళీ మాత్రల అట్టలు. మొదటి బిడ్డ పోయిన భయంతో ఒక్క అట్ట కూడా పారేయకుండా, పూట తప్పలేదని తనకు తానే రుజువుగా దాచుకుందట. "ఎంచుకో మేడం" అని డబ్బా నా ముందు పెట్టింది.

నేను ఎంచలేదు. "అట్టలో నుంచి తీసి పారేయడం ఎంత సేపు?" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె డబ్బా మూత పెట్టుకుంది. అంతటితో ఆగినా బాగుండేది. తల్లీబిడ్డల కార్డులో రాసేది సిస్టరమ్మ. ఆ రోజు నేను ఆ కార్డు లాక్కుని, "మాత్రలు వాడటం లేదు, చెప్పినా వినడం లేదు" అని పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టాను. ఆమెకు చదువు రాదు.

"ఏం రాసినావు మేడం?" అంది.

"రాయాల్సింది రాసినా" అన్నాను.

ఆ తర్వాత వారం ఆమె సెంటరుకు రాలేదు. ఆ మరుసటి వారమూ రాలేదు. సిస్టరమ్మ ఇంటికి పోయి నచ్చజెప్పి నంద్యాల ఆస్పత్రికి పంపింది. అక్కడ రద్దీ. ఎవరో కార్డు చూసి, నా రాత చదివి, "ముందు మాత్రలు సరిగ్గా మింగి రా, అప్పుడు చూద్దాం" అని తిట్టి పంపించారట. మాత్రలు పనిచేయని వాళ్లకు సెలైన్లో ఎక్కించే ఐరన్ మందు ఉంటుంది. మాత్రలే వేసుకోనామెకు దాని ఆలోచన ఎవరికొస్తుంది? ఈ సంగతి సిస్టరమ్మ నాకు చెబుతూ, "అక్కా, ఎనిమిదో నెల వస్తాంది. మొదటి కాన్పులో లాగా రక్తం పోతే ఈసారి మనిషి దక్కదు" అంది. గొంతు పెంచలేదు. మామూలుగానే అంది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె ఇంటికి పోయాను. నిజం చెప్పాలంటే క్షమాపణ అడగడానికి పోలేదు. నా కళ్ల ముందర మాత్ర మింగించి, నేనే గెలిచానని అనిపించుకోవడానికి పోయాను.

వాకిట్లో ముసలి మామ మంచం మీద కూర్చుని చెప్పుకు కుట్టు వేస్తున్నాడు. ఆయన పడుచు వయసులో తోళ్లు నానబెట్టి, పదును చేసి, బావుల్లో నీళ్లు తోడే కపిలలకు తోలు తిత్తులు కుట్టినవాడు. మోటార్లొచ్చి కపిలలు పోయాయి, ఆయన చేతికి చెప్పులు మిగిలాయి. "రామ్మా, కూర్చో" అని మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. కాసేపటికి కోడలు పొలం నుంచి వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కాళ్లు కడుక్కుని లోపలికి పోయి ఒక గ్లాసు, ఒక మాత్రల అట్ట పట్టుకొచ్చింది.

"యాడ పారేస్తాండావని అడిగినావు గదా మేడం. సూడు, ఈడ పారేస్తాండా" అని నోరు తెరిచి మాత్ర వేసుకుంది. గ్లాసు ఎత్తి గడగడా తాగింది. గ్లాసులో సగం మిగిలింది. అది నీళ్లు కాదు. ఇటుక రంగులో, చిక్కగా ఉంది.

"అదేందమ్మా?"

"నువ్వు చెప్పిన టీనే. ఉత్త పూలయితే పల్చగా ఉంటాదని తంగేడు బెరడు చెక్క గూడా రోంత ఏసి కాస్తాండా. మా మామ కొట్టకొస్తాడు. రెండు పూటలా మాత్ర దాంతోనే మింగుతాండా. రెండూ కలిసి పోతే రక్తం బేగ పడతాదని."

నాకు ఇంకా తట్టలేదు సుమా. పోషకాహారం మీద సర్టిఫికెట్లున్న నాకు తట్టలేదు. తట్టింది ముసలాయనకు.

"ఏమ్మా, ఆ మాత్రలో ఏముంటాది?" అన్నాడు.

"ఐరన్ అప్పా. ఇనుము" అన్నాను.

ఆయన చేతిలో సూది ఆగింది. "ఇనుమా? రక్తం మాత్రలంటే ఏందో బలం మందు అనుకుంటి. ఇనుమని ఎవరూ చెప్పల్యా." కోడలి వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "తంగేడు చెక్క నీళ్లకు ఇనుము తగలనీయకూడదమ్మా. మేము ఆ చెక్క నీళ్లలోనే తోళ్లు నానేస్తాంటిమి, దానికి మట్టి తొట్లే పెడ్తాంటిమి. ఇనుప బాన పొరపాటున గూడా పెట్టం. తగిలిందంటే నీళ్లు నల్లగయితాయి, తోలు మీద మచ్చ పడతాది. ఆ మచ్చ సచ్చినా పోదు. రెండూ పట్టుకుంటే ఇడ్సవు."

"ఇది మాత్ర కదప్పా..." అని ఏదో అనబోయాను.

ఆయన నాతో వాదించలేదు. అట్టలో నుంచి ఒక మాత్ర తీసుకుని, తోలు గీసే కత్తితో పైన ఎర్రపూత గోకి, నలిపి, మిగిలిన సగం గ్లాసు టీలో వేసి కత్తి మొనతో కలిపాడు. ముగ్గురం గ్లాసు చుట్టూ కూర్చున్నాం. ముందు అడుగున నల్లటి చారలు కదిలాయి. తర్వాత ఇటుక రంగు నీళ్లన్నీ నల్లబడ్డాయి. చూస్తుండగానే గ్లాసు నిండా సిరా.

కోడలు ఆ గ్లాసును వెలుతురులోకి ఎత్తి చూసింది. "అంటే ఇన్నాళ్లూ నేను సిరా తాగినానా?" అంది.

సంచిలో నా రెండు మేకులూ ఉన్నాయి. ఇనుము మేకును ఊరంతా చూపించుకుంటూ తిరిగినదాన్ని, ఇనుము మాత్రను ఏ నీళ్లతో మింగుతున్నావని ఒక్కరోజు కూడా ఆమెను అడగలేదు. సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, కూర్చున్న మంచం మీద నుంచి లేవలేనంత సిగ్గు.

అక్కడి నుంచే సిస్టరమ్మకు ఫోన్ చేశాను. మరుసటి రోజు పొద్దున సిస్టరమ్మా నేనూ ఆమెను వెంటబెట్టుకుని నంద్యాల పోయాం. డాక్టరమ్మ కార్డు తెరిచి, "మాత్రలు వాడటం లేదని రాసుందే?" అంది.

"అది తప్పు రాతమ్మా. నేనే రాశాను. ఆమె ఒక్క పూట కూడా తప్పలేదు" అని జరిగిందంతా చెప్పాను. తంగేడు సంగతి దాచలేదు.

డాక్టరమ్మ విని, టీలోనూ ఇలాంటి ఆకుల, పూల, చెక్కల కషాయాల్లోనూ ఉండే వగరు పదార్థాలకు ఇనుమును పట్టేసుకునే గుణం ఉందని, అవి తిండితో, మాత్రతో కలిసి కడుపులోకి పోతే ఇనుము ఒంటికి పట్టడం తగ్గిపోతుందని చెప్పింది. మనం గొప్పగా చెప్పుకునే యాంటీ ఆక్సిడెంట్లలో అవీ ఉన్నాయట. పైగా ఆ చెక్క కషాయం గర్భిణులకు మంచిదో చెడ్డదో తెలియకుండా ఎవరు తాగమన్నారని అడిగింది. నేనేనని చెప్పాను. ఈమె రక్తం పెరగకపోవడానికి టీ ఒక్కటే కారణమా అని అడిగితే, "ఒక్కటే అని చెప్పలేను. వేరేవి కూడా చూడాలి. అయినా ఆ పువ్వు చేసిన చేటు కన్నా ఈ రాత చేసిన చేటు ఎక్కువ. పోయినసారి వచ్చినప్పుడే మందు ఎక్కించి ఉండొచ్చు" అంది. నా ముఖం మీదే అంది. అనాల్సిందే.

పెన్ను అడిగి తీసుకుని, ఆ బల్ల మీదే నా పాత రాత కొట్టేసి, కింద రెండు వాక్యాలు రాసి, సంతకం, తేదీ వేశాను. ఆమె పక్కనే నిలబడి నా చెయ్యి కదలడం చూస్తోంది. ఈసారి ఏం రాశావని అడగలేదు. అడగనిది నమ్మకం ఉండి కాదని నాకు తెలుసు.

ఆ రోజే పరీక్షలు చేసి సెలైన్లో మందు మొదలుపెట్టారు. ఇంకో రెండు మూడు సార్లు పోవాల్సి వచ్చింది. ప్రతిసారీ సిస్టరమ్మ తోడు పోయింది. నేను తోడు వస్తానంటే ఆమె వద్దంది.

తర్వాతి మీటింగులో అదే ఇరవై మంది ముందు నిలబడి నా తప్పు చెప్పాను. గ్లాసులో టీ పోసి, మాత్ర నలిపి వేసి, నల్లబడటం అందరికీ చూపించాను. ముసలాయన్ను రమ్మని బతిమాలితే వచ్చి, గడప దగ్గర నిలబడి, తోళ్ల సంగతి చెప్పి పోయాడు. ఆ రోజు కిసుక్కున ఎవరూ నవ్వలేదు. క్షమించమని అందరినీ అడిగాను. ఎవరిని అడగాలో ఆమె మాత్రం రాలేదు.

పిల్లలూ, ఇది చదివి మీరు చార్టులు చించేయకండి. నేరేడు పండు మంచిదే, గోంగూర మంచిదే, ఉసిరికాయ మంచిదే. రంగురంగులుగా తినమనే చెప్పండి. టీ తాగొద్దని కూడా చెప్పకండి, మన సీమలో ఆ మాట ఎవరూ వినరు. మాత్రకూ టీకీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచమని చెప్పండి. మాత్రను మంచినీళ్లతోనో, ఒప్పితే నిమ్మకాయ నీళ్లతోనో మింగమనండి. పులుపు ఇనుముకు సాయం చేస్తుంది. తెలియని కషాయం గర్భిణికి పోయకండి, అది ఎంత పచ్చటి పువ్వుదైనా సరే. ఎర్ర మాత్ర ఇచ్చేటప్పుడు అది ఇనుము అని చెప్పండి. మనం చెప్పి ఉంటే ఆ ముసలాయన మొదటి రోజే ఆ గ్లాసు లాక్కుని ఉండేవాడు. ఎవరి పని ఏ విద్య నేర్పిందో మనకు తెలియదు. వినకపోతే ఎప్పటికీ తెలియదు.

ఇవన్నీ తర్వాత మీకు ఏ డాక్టరైనా చెబుతారు. డాక్టర్లు చెప్పని మాట ఒకటుంది. రక్తం పెరగకపోతే ముందు మనిషిని అనుమానించకండి. ఏం తింటున్నావు, దేంతో తింటున్నావు, ఎప్పుడు తింటున్నావు అని అడగండి. నాకు ముప్పై ఏళ్ల సర్వీసు ఉండి, ఆ మూడు ప్రశ్నలు అడగాలని తోచలేదు.

నెలలు నిండాక నంద్యాల ఆస్పత్రిలోనే కాన్పయింది. అప్పటికి రక్తం పదికి వచ్చింది. ఆడపిల్ల. రక్తం ఎక్కువ పోలేదు. సిస్టరమ్మ ఫోన్ చేసి చెబితే బస్టాండులో ఉన్నదాన్ని ఆళ్లగడ్డ బస్సు వదిలేసి ఆస్పత్రికి పోయాను. చేతిలో ఏం తీసుకుపోవాలో తెలియక రెండు జామకాయలు కొనుక్కుపోయాను.

ఆమె పడుకుని ఉంది. బిడ్డ పక్కనే, గుడ్డలో చుట్టి ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. జామకాయలు మంచం పక్కన పెట్టాను. మీటింగులో చెప్పిన మాటలన్నీ ఆమెకు చెబుదామని నోరు తెరిచాను. ఆమె దిండు కింద చెయ్యి పెట్టి కార్డు తీసింది.

"నా మీద రాసింది కొట్టేసినావా?"

"కొట్టేసినానమ్మా. ఆ రోజే."

"కింద ఏమో రాసినావు గదా."

"రాసినా."

నేను చదివి వినిపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వొద్దులే మేడం" అని, పక్క మంచం దగ్గర మందులు ఇస్తున్న నర్సును పిలిచింది. "సిస్టరూ, ఇదేం రాసుండాదో రోంత సదువు. గట్టిగా సదువు."

నర్సు కార్డు తీసుకుని నిలబడే చదివింది. "ఈమె ప్రతి మాత్రా వేసుకుంది. తప్పు ఈమెది కాదు, నాది." కింద ఉన్న నా సంతకం, నా ఉద్యోగం కూడా చదివింది. వార్డులో ఏడెనిమిది మంచాలున్నాయి. అందరూ ఇటు తిరిగారు.

ఆమె బిడ్డను దగ్గరకు లాక్కుంది. నా వైపు చూడలేదు.

"ఇంకోసారి సదువు సిస్టరూ" అంది.

నర్సు మళ్లీ మొదటి నుంచి చదివింది.